యాడ? – స్థలజ్ఞానమునకు తొలిపాఠము

మా కోయిలకుంట్లలో ఎవరైన నొక కొత్తసంగతి చెప్పినచో వినువారి నోట మొట్టమొదట వెలువడు మాట "యాడ?" అనునది. వాన కురిసినదన్నను "యాడ?", బోరులో నీరు పడినదన్నను "యాడ?", శనగపైరునకు పురుగు తగిలినదన్నను "యాడ?". ఎంత, ఎప్పుడు, ఎందువలన అను ప్రశ్నలన్నియు దాని వెనుక నిలిచి తమ వంతునకై వేచియుండును. గెనిమకు ఈవలి చేను తడిసి ఆవలి చేను దుమ్ము రేపుట కన్నులార చూచిన మెట్టసీమవారికి, చోటు తెలియని వార్త సగము వార్తయే యని వేరొకరు బోధింప నక్కరలేదు.

ఈ అధ్యాయమున మనము అభ్యసింపబోవు భౌగోళిక సమాచార వ్యవస్థ, అనగా నేటివారు పొట్టిగా జీఐఎస్ అని పిలుచు విద్య, ఈ "యాడ" అను ప్రశ్నకు "ఏంది" అను ప్రశ్నను కంప్యూటరులో ముడివేయు నేర్పు తప్ప వేరొండు కాదు. ఆ ముడి మన గ్రామ దస్త్రములలో చిరకాలమునుండి కలదు. కావున పల్లెపట్టున పుట్టిపెరిగిన పాఠకుడు ఈ విద్యను చూచి వెనుకంజ వేయవలసిన పనిలేదు. ఇంట నున్న వస్తువును కొత్త వెలుతురులో గుర్తుపట్టుటయే అతని పని. జంకవలసినది యంత్రమును చూచి కాదు, సరిచూడని లెక్కను చూచి.

పాసుపుస్తకములోని పాఠము

కొంతకాలము క్రిందట మా వీధి కుర్రవాడొకడు, పట్టపరీక్ష ముగించి కొలువు వెదకుకొనుచున్నవాడు, ఒక ఉద్యోగప్రకటన చేతబట్టుకొని మా అరుగుమీదికి వచ్చెను. "జీఐఎస్ తెలిసిండాలంట మామా. మన్లాంటోళ్లకు వచ్చే చదువేనా అది?" అని అడిగెను. నేను దానికి బదులు చెప్పక, "మీ నాయన పాసుపుస్తకం ఎత్తుకరా పో అబ్బీ" అంటిని.

అతడు తెచ్చిన పట్టాదారు పాసుపుస్తకములో సర్వే నంబరు కలదు, ఎకరములు సెంట్లు కలవు, తండ్రి పేరు కలదు. "దీన్ని చూసి మీ చేను ఎట్లుంటాదో గీయి" అని కాగితము ముందుంచితిని. అతడు పుట తిరుగవేసి, మరల తిరుగవేసి, "దీంట్లో చేను ఆకారం యాడుంది మామా?" అనెను. తాను ఏ విద్యను గూర్చి భయపడెనో ఆ విద్యలోని మొదటి ప్రశ్నను తానే అడిగినట్లు ఆ క్షణమున అతనికి తెలియదు.

ఆకారముండు పుస్తకము వేరు. దానిని రెవెన్యూవారు ఎఫ్.ఎం.బి. అందురు, అనగా చేల కొలతల పుస్తకము. ప్రతి సర్వే నంబరునకు అందొక పటముండును. చేనికి అడ్డముగా నొక కర్ణరేఖను పట్టి, ఆ రేఖనుండి ఒక్కొక్క మూలరాతికి లంబముగా గొలుసు లాగి, వచ్చిన దూరములను లింకులలో వ్రాసిన చిత్రమది. 66 అడుగుల గొలుసునకు 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఆ లెక్క తెలిసినవాడు కచ్చేరిలో కూర్చుండియే చేని ఆకారమును మరల నిలుపగలడు. కాని ఆ పటములో జొన్న వేసిరో శనగ వేసిరో ఉండదు. పైరు పేరు, సాగుదారు పేరు, నీటి ఆధారము ఉండునది అడంగలులో. అడంగలులో మరల చేని ఆకారముండదు. ఒకదానికి రూపమున్నది, కథ లేదు. రెండవదానికి కథ యున్నది, రూపము లేదు. రెంటిని కలుపు దారము సర్వే నంబరొక్కటే.

జీఐఎస్ అనగా సరిగా ఈ కలయికయే. పటములోని ఆకారములనొక వంకను, వాటి గుణములను తెలుపు పట్టికనొక వంకను ఉంచి, రెంటికి సామాన్యమైన యొక గుర్తుసంఖ్యతో ముడివేసినపుడు, పటముమీద ఒక చేనిని తాకిన దాని కథయంతయు పలుకును. పట్టికలో "శనగ" యని అడిగిన, శనగ వేసిన చేలన్నియు పటముపై వెలుగును. ఈ రెండువైపుల రాకపోకలు లేనిచో ఎంత అందమైన రంగులు పులిమినను అది చిత్రమే కాని వ్యవస్థ కాదు.

ఇచ్చట ముడివేయు గుర్తు పేరు కారాదు, సంఖ్య కావలెను అను నియమమును మా ఊరి పేరే నేర్పును. కోయిలకుంట్ల యని కొందరు, కోవెలకుంట్ల యని కొందరు, నడుమ విరిచి కోయిల్‌కుంట్ల యని మరికొందరు వ్రాయుదురు. చదువరికి మూడును ఒకటే ఊరు. కంప్యూటరునకు మూడు ఊళ్లు. ఒక పట్టికలో ఒక తీరునను, రెండవ పట్టికలో వేరొక తీరునను వ్రాసినచో ముడి పడదు. ఊరికి ఊరే పటమునుండి మాయమగును, ఎవరును మొరపెట్టుకొనరు. ఇంటిపేర్లను నమ్మక సర్వే నంబరును నమ్మిన పాత కరణములు ఈ సంగతిని మనకంటె ముందే ఎరిగినవారు.

చోటును సంఖ్యలలో చెప్పుట

సర్వే నంబరు గ్రామములోపల చెల్లు నాణెము. పొలిమేర దాటినచో దానికి మారకము లేదు. 214 అను నంబరు ప్రతి గ్రామమునందును ఉండవచ్చును గదా. భూగోళమంతటను చెల్లు నాణెములు అక్షాంశ రేఖాంశములు. కోయిలకుంట్ల భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 15.23 డిగ్రీల అక్షాంశమునందు, గ్రీనిచ్చికి తూర్పుగా సుమారు 78.32 డిగ్రీల రేఖాంశమునందు ఉన్నది. ఏ ఊరివారు ఆ ఊరి జతను కంఠస్థము చేసికొనుట ఈ విద్యకు ఓనమాలు దిద్దుట వంటిది. దాని ఉపయోగమేమో నా అవివేకమే నాకు చెప్పినది.

ఒకమారు నలువది బావుల పట్టికను స్వహస్తముతో వ్రాసి, అక్షాంశపు గడిలో రేఖాంశమును, రేఖాంశపు గడిలో అక్షాంశమును దించితిని. మనము నోటితో అక్షాంశమును ముందు చెప్పుదుము. సాఫ్టువేరులు పలుమారులు రేఖాంశమును ముందడుగును. ఆ సందున కాలు జారినది. పటము తెరపై విచ్చుకొన్నపుడు రాయలసీమలో ఒక్క చుక్కయు కానరాలేదు. వెదకగా వెదకగా, నలువది బావులును ఉత్తరధ్రువమునకు చేరువనున్న నార్వేవారి స్వాల్‌బార్డ్ దీవులలో, లాంగ్‌యియర్‌బెన్ అను పట్టణమునకు సమీపమున ప్రత్యక్షమైనవి. చినుకునకై మొగమెత్తి చూచు మా బావులు మంచుకొండల నడుమ మునిగియుండుట చూచి నేను నవ్వితిని కాని యంత్రము నవ్వలేదు, హెచ్చరింపను లేదు, 78.32 డిగ్రీల అక్షాంశమనునది భూమిపై నిజముగా ఉన్నదే గదా. నాటినుండి ఏ పట్టికనైనను తెరచిన వెంటనే ఊరి జతతో సరిపోల్చుకొనుట నాకు అలవాటైనది.

రెండవ పొరపాటు ఇంతకంటె మోసకారి. డిగ్రీకి అరువది నిమిషములు. 15 డిగ్రీల 14 నిమిషములను దశాంశములలోనికి మార్చినచో 15.2333 కావలెను. తొందరలో దానిని 15.14 అని వ్రాసినవాడు తన బావిని పది కిలోమీటర్లు దక్షిణమునకు త్రోసినవాడగును. అది ధ్రువమునకు పోదు, పొరుగూరిలోనే పడును, కనుకనే ఎవరికిని అనుమానము రాదు. పెద్ద తప్పు తానే అరచి చెప్పును. చిన్న తప్పు మర్యాదస్థునివలె కూర్చుండును.

దశాంశస్థానముల విలువయు తెలిసికొనదగినది. మన అక్షాంశములందు రెండవ స్థానము సుమారు ఒక కిలోమీటరు పైచిలుకు. నాలుగవది పదునొకండు మీటర్లు. ఐదవది ఒక మీటరుకు కొంచెము ఎక్కువ. ఊరిని చూపుటకు రెండు స్థానములు చాలును. బావిని చూపుటకు ఐదు కావలెను. చేతిఫోను పది స్థానములు చూపినను మోసపోరాదు. ఆకాశము తెరపియైన చోట, కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినపుడు, సామాన్యమైన ఫోను చూపు చోటు ఐదారు మీటర్ల అటునిటుగా నుండును. బావి గుర్తించుటకు అది చాలును. గెనిమ తగవు తీర్చుటకు చాలదు. మూరెడు నేలకై వియ్యంకులు విరోధులగు సీమలో, ఫోను చూపి "హద్దు ఇదే" యని పలుకువాడు జీఐఎస్ నేర్చినవాడు కాడు. 2020 డిసెంబరు 21న మన రాష్ట్రమున ఆరంభమైన భూముల రీసర్వేలో డ్రోనులతో పాటు కోర్స్ అను స్థిరకేంద్రములను, రోవరులను వినియోగించుట, సెంటీమీటర్లలో నిలుచు ఖచ్చితత్వమునకై యని గ్రహింపవలెను.

ఇంకొక సూక్ష్మము. సంఖ్య ఒక్కటే చాలదు. ఆ సంఖ్యను ఏ భూగోళరూపముపై లెక్కించిరో కూడ తెలియవలెను. భూమి సరియైన గోళము కాదు గనుక లెక్కకై యొక దీర్ఘగోళమును కల్పించుకొందురు. 1802 ఏప్రిలులో మద్రాసునందు విలియం లాంబ్టన్ ఆరంభించి, 1811లో మాకు పడమటనున్న గుత్తి యొద్ద మరియొక ఆధారరేఖను కొలిచిన మహాత్రికోణమితీయ సర్వేనుండి పుట్టిన మన పాతపటములు ఎవరెస్టు పేరిటి దీర్ఘగోళముపై నిలిచినవి. నేటి ఫోనులు డబ్ల్యూజీఎస్ 84 అనుదానిపై నిలిచినవి. రెంటిని చూడక కలిపినచో చోట్లు నూరు మీటర్ల పైచిలుకు పక్కకు జరుగును. పటము అంచున చిన్న అక్షరములతో ముద్రించు ఆ మాటను చదువుట, మందుసీసాపై తేదీ చదువుట వంటిది.

చుక్క, గీత, చేను, గడి

లోకములోని వస్తువులను ఈ విద్య రెండు తీరుల వ్రాయును. మొదటిది వెక్టరు పద్ధతి: బావి ఒక చుక్క, రస్తా ఒక గీత, చేను ఒక మూసిన ఆకారము. సుంకేసుల ఆనకట్టనుండి కడప వరకు సుమారు 306 కిలోమీటర్లు సాగు కె.సి. కాలువ రాష్ట్రపటములో సన్నని గీత. అదే కాలువ గ్రామపటములో రెండు గట్ల నడుమ వెడల్పుగల క్షేత్రము. కుందూ నదియు అంతే. చూచు దూరమునుబట్టి గీతయగును, క్షేత్రమగును. అందువలన "దీనిని ఎట్లు గీయవలెను?" అని అడుగుటకు ముందు "దీనితో నాకేమి పని?" అని అడుగవలెను. నది వెంబడి దూరము కొలువదలచినవానికి గీత కావలెను. నీరు ఎంత నేల మ్రింగునో తెలియదలచినవానికి క్షేత్రము కావలెను.

క్షేత్రములు గీయునపుడు ఒక ధర్మమును పాటింపవలెను: గెనిమ ఒక్కటే, చేలు రెండు. ఇరుగుపొరుగు చేలకు సరిహద్దును రెండుసార్లు వేర్వేరుగా గీసినచో, నడుమ వెండ్రుకవాసి సందైన పడును, ఒకదానిపై నొకటియైన ఎక్కును. తెరపై కానరాని ఆ సందులే విస్తీర్ణములు కూడునపుడు ఎవరికిని చెందని నేలయై బయటపడును. ఎక్కినచోట ఒకే నేల ఇద్దరి ఖాతాలలో చేరును. ఇరువురికి ఒకే గీత నిలుపు ఈ క్రమశిక్షణకు శాస్త్రజ్ఞులు టోపాలజీ యని పేరు పెట్టిరి. పల్లెలో దానిని పొరుగుమర్యాద యందురు.

రెండవది రాస్టరు పద్ధతి. నేలయంతటిపై చదరంగపు బల్లవలె సమానమైన గడులు పరచి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క విలువ వ్రాయుట. ఉపగ్రహచిత్రములు ఈ తీరుననే వచ్చును. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఏ ఎగిరిన నాటినుండి మన దేశమునకు సొంత దూరసంవేదన ఉపగ్రహములు కలవు; వాటి చిత్రములను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము సిద్ధపరచును; 2009లో వెలసిన భువన్ అను వేదికయందు సామాన్యులును వానిని చూడవచ్చును. అయితే గడి ఎంత పెద్దదో మన లెక్కలోనికి మార్చుకొని చూచినగాని దాని శక్తి తెలియదు. 30 మీటర్ల గడి 900 చదరపు మీటర్లు, అనగా ఇరువదిరెండు సెంట్లు. 23.5 మీటర్ల గడి సుమారు పదునాలుగు సెంట్లు. 5.8 మీటర్ల గడి ఒక సెంటుకు లోపు. అర ఎకరపు చేనిలో సగము జొన్న, సగము కంది వేసినవాని కథను 30 మీటర్ల గడి చెప్పజాలదు; అది రెంటిని కలిపి వండిన సంకటివలె ఒకే రంగు చూపును. పెద్ద గడితో తాలూకాను చదువవచ్చును, తోటను చదువరాదు.

తెరపై బొమ్మను పెద్దది చేయుట వలన ఖచ్చితత్వము పెరుగునని తలచువారు కలరు. 1:50,000 పటములో ఒక సెంటీమీటరు నేలపై 500 మీటర్లు. అర మిల్లీమీటరు మందముగల సిరాగీత నేలపై ఇరువదియైదు మీటర్ల వెడల్పు. దానిని పదిరెట్లు పెంచినను ఆ ఇరువదియైదు మీటర్ల సందేహము తరుగదు; బుడగపై వ్రాసిన అక్షరము గాలి ఊదినకొలది పెద్దదగును గాని స్పష్టము కాదు.

పొరల మీద పొరలు

ఈ విద్యకు ప్రాణము పొరలను ఒకదానిపై నొకటి పేర్చుటయందున్నది. 1960ల దశకమున కెనడా దేశము తన నేలలన్నిటి యోగ్యతను లెక్కింప పూనుకొన్నపుడు, వేలకొలది కాగితపు పటములను చేతులతో పోల్చుట అసాధ్యమని గ్రహించి రోజర్ టామ్లిన్సన్ అను భూగోళశాస్త్రజ్ఞుడు ఆ పనిని కంప్యూటరునకు ఒప్పగించెను. ఈ వ్యవస్థకు జీఐఎస్ అను పేరు నాటినుండి వ్యాపించినది. ప్రయోజనము మాత్రము కెనడాకంటె మెట్టసీమలో మరింత బాగుగా తెలియును.

బోరు వేయించు రైతును తలచుకొనుడు. అతడు కాలిక్రింద నల్లరేగడిని చూచును. దాని అడుగున నున్న రాతిపొరకు భూగర్భశాస్త్రజ్ఞులు మా ఊరి పేరే పెట్టిరి; కర్నూలు శిలాసముదాయమునందు పాణ్యం క్వార్ట్‌జైటుపైని, నంద్యాల పలకరాతి క్రిందను ఉండునది "కోయిలకుంట్ల సున్నపురాయి". ఆ సముదాయమునందే మరింత క్రిందనున్న నార్జి సున్నపురాతిలో నీరు తొలిచిన బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైబడి సాగినవి. సున్నపురాతిలో నీరు అంతటను సమముగా నిండియుండదు. నెఱ్ఱెలలో, తొలుచుకొన్న సొరంగములలో దాగును. కనుకనే ఒక చేనిలో ధార ఎగసి, నూరడుగుల దూరమున పొడి లేచుట. ఇప్పుడు నేల పొరను, రాతి పొరను, వాలు పొరను, వంకల పొరను, ఇదివరకు పడిన బోరుల చుక్కలను, ముఖ్యముగా ఎండిపోయిన బోరుల చుక్కలను, ఒకదానిపై నొకటి పేర్చినచో, వెదకవలసిన చోట్లు తగ్గును. పొరలు నీటిని చూపవు; వృథాప్రయత్నములను తగ్గించును. ఫలించిన బోరులను మాత్రమే పటమునకెక్కించి, విఫలమైన వానిని సిగ్గుచేత దాచు గ్రామము తన అనుభవములో సగమును పారవేసికొన్నట్లే.

దూరము, ఎత్తు అను రెంటి భేదమును కుందూ నేర్పును. ఏటి గట్టునుండి అర కిలోమీటరు వరకు ఒక పట్టీ గీచి "ఇది వరదసీమ" యనుట సులభము. దానిని బఫరు అందురు. 2019 సెప్టెంబరు వానలకు కుందూ పొంగి నంద్యాల ప్రాంతపు చేలను ముంచినట్టి వేళ, నీరు దూరపు లెక్కను గౌరవింపదు. పల్లమును మాత్రమే వెదకును. గట్టునకు నూరు మీటర్లలో నున్న మిట్ట నిలుచును, కిలోమీటరు దూరపు పల్లపుచేను మునుగును. కనుక బఫరుతో పాటు ఎత్తుల పొర కావలెను. 2000 ఫిబ్రవరిలో అమెరికావారి అంతరిక్షవాహనము రాడారుతో లోకములో అధికభాగపు ఎత్తులను కొలిచినది. దాని ఫలము 30 మీటర్ల గడులలో ఉచితముగా లభించును. సరియైన పొరను ఎన్నుకొనుట బుద్ధి పని. పేర్చుట మాత్రమే యంత్రము పని.

ఐదంగముల కచ్చేరి

ఈ వ్యవస్థకు ఐదంగములని గ్రంథములు చెప్పును: పరికరములు, సాఫ్టువేరు, దత్తాంశము, మనుష్యులు, పద్ధతి. వీనిని కంఠపాఠము చేయుటకంటె పాత కచ్చేరిని మనసున నిలుపుకొనుట మేలు. గొలుసు, మూలరాయి పరికరములు. నేడు వాని స్థానమున కంప్యూటరు, రోవరు, డ్రోను వచ్చినవి. కర్ణరేఖనుండి విస్తీర్ణము కట్టు గణితము సాఫ్టువేరు. నేడు క్యూజీఐఎస్ అనునది ఉచితముగను, ఆర్క్‌జీఐఎస్ వెల యిచ్చియు దొరకును, నేర్చుకొనువానికి మొదటిది పుష్కలము. ఎఫ్.ఎం.బి., అడంగలు దత్తాంశము. సర్వేయరు, కరణము, రాతివద్దకు దారి చూపిన తలారి మనుష్యులు.

ఐదవదియగు పద్ధతిని చాలమంది మరతురు. పాతకాలమున కరణము అడంగలు వ్రాసిన మాత్రమున పని తీరెడిది కాదు. పై అధికారి చేలవెంట తిరిగి పైరును కంటితో పోల్చు అజమాయిషీ యుండెడిది, ఏటేట లెక్కలన్నిటిని విప్పి చూచు జమాబందీ యుండెడిది. 1984లో పాత గ్రామాధికారుల వ్యవస్థ తొలగినది. దానితో పాటు కొన్ని దోషములును పోయినవి. కాని అజమాయిషీ అను ధర్మము యంత్రయుగమున మరింత అవసరము. తెరమీద రంగులతో మెరయు పటము చేతివ్రాతకంటె ఎక్కువ నమ్మించును. కావున ఎక్కువ సరిచూడవలెను.

పటమునకు తేదీ, పేరునకు బరువు

కోయిలకుంట్ల కదలలేదు, దానిచుట్టు గీతలు కదలినవి. 1858కి పూర్వము ఈ తాలూకా కడప జిల్లాలోనిది. ఆ సంవత్సరమున కర్నూలు జిల్లాలో చేరినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022 ఏప్రిలు 4న నంద్యాల జిల్లా ఏర్పడి ఊరు అందులోనికి మారినది. ఇప్పుడు "కర్నూలు జిల్లాలో శనగ విస్తీర్ణము తగ్గినది" అను పట్టికను ఎవరైన చూపినచో, తగ్గినది పంటయా, జిల్లాయా అని అడుగుట మీ ధర్మము. అడంగలునకు ఫసలీ, అనగా రెవెన్యూవారి సంవత్సరపు సంఖ్య, వేయు ఆచారము ఇందులకే. 2025 జూలైతో మొదలైనది 1435వ ఫసలీ. తేదీ లేని పొర తిథి లేని జాబు వంటిది.

పటములో పేరెక్కుటకు ఎంత బరువున్నదో ఈ ఊరికి మరొక రీతిగ కూడ తెలియును. 1800లో నిజాము నుండి కంపెనీవారికి సంక్రమించిన దత్తమండలములను థామస్ మన్రో 1807 వరకు ఏలి, చేను చేనికి కొలత వేయించి రైతువారీ శిస్తునకు పునాది వేసెను. ఏ నేల ఎవరిది, ఏ మాన్యము నిలుచును, ఏది కలియును అను లెక్క కాగితముపై స్థిరపడిన కొలది కొందరి బ్రతుకులు అస్థిరమైనవి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడి కొట్టినది ఈ కోయిలకుంట్ల ఖజానానే. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసినది ఈ ఊరనే. గీత గీయు చేయి తాను కేవలము గీత గీయుచున్నాననుకొనరాదు. ఒకరి పేరు పట్టికలో తప్పుగా పడినచో అది అక్షరదోషము కాదు, అన్నదోషము.

ఈ వారము చేయవలసిన పని

చదువుటచేత ఈత రానట్లు, చదువుటచేత ఈ విద్యయు రాదు. కావున మీ వీధినే పాఠశాలగా చేసికొనుడు.

మొదట ఒక ప్రశ్నను ఎన్నుకొని కాగితముపై ఒకే వాక్యముగా వ్రాయుడు: "మా వీధిలో ఏ బోరులు వేసవిలో ఎండును?" ప్రశ్న వ్రాయక పటము గీయ మొదలిడినవాడు కొలిమి లేక ఇనుము కొట్టినవాడు.

రెండవది, ఇరువది బోరుల యొద్దకు నడచి వెళ్లుడు. ప్రతి బోరు యొద్ద, చెట్టునీడను వీడి, ఫోను అంకెలు నిలకడ చెందువరకు ఆగి, అక్షాంశ రేఖాంశములను దశాంశములలో ఐదు స్థానముల వరకు వ్రాసికొనుడు.

మూడవది, ఒక్కొక్క బోరునకు ఒక సంఖ్య నిచ్చి, దానికెదురుగా లోతు, వేసిన సంవత్సరము, ఎండు నెల, అడిగిన తేదీ, చెప్పినది ఇంటివారా పొరుగువారా అను సంగతి వ్రాయుడు. తెలియనిదానిని సున్నగా వ్రాయకుడు, ఖాళీగా విడువుడు. సున్న అడుగుల లోతనునది ఒక జవాబు, తెలియదనునది వేరొక జవాబు.

నాలుగవది, పట్టికను క్యూజీఐఎస్‌లో తెరచి, చుక్కలు మీ ఊరిలోనే పడినవా, మంచుసీమలో పడినవా చూడుడు. వానిక్రింద ఎత్తుల పొరను పరచి, ఎండిన బోరులకు ఎఱ్ఱరంగు, నిలిచినవానికి నీలము వేయుడు.

ఐదవది కడపటిది, ఎక్కువమంది విడిచిపెట్టునది: ఆ పటమును చేతబట్టుకొని మరల అదే వీధికి వెళ్లుడు.

మా కుర్రవాడు ఈ పని చేసినాడు. పదునేడవ చుక్క యొద్ద ఒక ముసలిరైతు వేపచెట్టు క్రింద కూర్చుండి పటమును అటునిటు త్రిప్పి చూచి, "ఇది నా బోరే గదా అబ్బీ? ఈడ గాదు, ఆ మొద్దు అవతల. ఈడ వేసింది పడల్యా. ఆడ వేసింది రెండోది" అనెను. కుర్రవాడు చుక్కను తొమ్మిది మీటర్లు జరిపెను. తరువాత ఒక్క క్షణమాలోచించి, పాత చోటున మరియొక చుక్క పెట్టి, దాని గడిలో "పడలేదు" అని వ్రాసెను. సాయంత్రము వచ్చి ఆ మాట చెప్పినపుడు అతడు జీఐఎస్ తనకు వచ్చునా యని అడుగలేదు. "మామా, పడని బోర్లు ఇంకా యాడయాడ ఉన్నాయో రేపు అడిగొస్తా" అనెను.